కొత్తగా కట్టే పోచమ్మ గుడి: పాత జాగకున్న మహిమ పోకుండ ఎట్ల కట్టాలె?

సున్నపురాయి (హనుమకొండ) | ఆదివారం రాత్రి 9:40

అందరికి నమస్తే. మాది నర్సంపేట దిక్కు పల్లె. హనుమకొండల సైట్ ఇంజనీరు పని చేస్త. ఊర్ల పోచమ్మ తల్లికి గుడి కట్టాలని కమిటీ ఏసిన్రు, చందాలు జమైనయి, డ్రాయింగు గీసే పని నా మీద పెట్టిన్రు. ఇన్నేండ్లల్ల ఇండ్లు గీసిన, కోళ్ళ ఫారాలు గీసిన, ఒక ఫంక్షన్ హాలు గీసిన. గుడి గీయలే.

పొద్దున టేపు పట్టుకొని పోయిన. అక్కడున్నది ఏందంటే ఒక ముసలి వేపచెట్టు, దాని మొదట్ల అడుగున్నర ఎత్తు రాయి, పక్కన రెండు చిన్న రాళ్ళు, చుట్టు మట్టి గద్దె. పసుపు ఎన్ని పొరలు పట్టిందో రాయి అసలు రంగే కనిపియ్యది. అన్నీ కొలిచి కాయిదం మీద రాసుకున్న. పది లైన్లు కూడ కాలే. టేపు చుట్టుకొని లేస్తుంటే చూసుకున్న, నా చెప్పులు ముప్పై అడుగుల అవతల, బాట మలుపు కాడ ఉన్నయి. ఎప్పుడు ఇడిసిన్నో యాదికి లేదు. ఆడ గోడ లేదు, గేటు లేదు, బోర్డు లేదు. మా అమ్మ బోనం ఎత్తుకొని వస్తుంటే ఆ మలుపు కాడనే చెప్పులు ఇడిసేది. అంతే.

కమిటీ అడిగేది: 20 అడుగుల పొడుగు, 15 అడుగుల వెడల్పు స్లాబు, కింద గ్రానైటు, ముందర స్టీలు గ్రిల్లు, షట్టరు, రంగుల లైట్లు. చెట్టు కొట్టాలంటున్నరు, వేర్లు స్లాబును లేపుతయని.

నేను అడిగేది: ఒక జాగల అడుగు పెట్టంగనే గొంతు తగ్గించి మాట్లాడాలనిపిస్తది చూడు, అది ఎక్కడికెళ్ళి వస్తది? రాయిలకెళ్ళా, చెట్టులకెళ్ళా, కట్టినోని పనితనంలకెళ్ళా, మనలకెళ్ళా? అది తెలిస్తే దేన్ని ముట్టుకోవద్దో నాకు తెలుస్తది.

పాకాల_నీళ్ళు | ఆదివారం రాత్రి 9:52

ముందైతే చెట్టు కొట్టనియ్యకు అన్నా. మిగతాది తర్వాత మాట్లాడుకుందం.

పద్మాక్షి_మెట్లు (విశ్రాంత ఉపాధ్యాయుడు) | ఆదివారం రాత్రి 10:31

మంచి ప్రశ్న బాబూ. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాడిగా నాకు తోచింది రాస్తాను.

హనుమకొండ పద్మాక్షి గుట్ట నువ్వు రోజూ చూసేదే. గుట్ట మీద జైన తీర్థంకరుల శిల్పాలు చెక్కి ఉన్నాయి. అక్కడి 1117 నాటి శాసనం ప్రకారం కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఆ కొండ మీద కదళాలయ బసది కట్టించింది. అంటే జైనులది. ఇప్పుడు అక్కడ కొలువై ఉన్నది పద్మాక్షి అమ్మవారు. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుట్ట కింద ఇసుక వేస్తే రాలనంత మంది ఆడబిడ్డలు. బసది కట్టించిన మైలమ ఈ పూల పండుగను ఊహించి ఉండదు. బతుకమ్మ ఎత్తుకొని వచ్చే మన ఆడబిడ్డల్లో చాలామందికి మైలమ పేరు తెలియదు. తొమ్మిది వందల ఏళ్ళలో దేవుడు మారాడు, పూజ మారింది, భాష మారింది. గుట్ట ఎక్కేటప్పుడు చెప్పులు విడవడం మాత్రం మారలేదు.

కాబట్టి నేను జాగకే ఓటు వేస్తాను. కట్టడం తర్వాత వస్తుంది. ఒక తరం ఒక చోటికి తల వంచి వెళ్ళిందంటే ఆ వంపు ఆ నేల మీద మిగిలిపోతుంది. తర్వాతి తరం దాన్ని తన పద్ధతిలో నింపుకుంటుంది.

గచ్చుమేస్త్రి (ములుగు) | ఆదివారం రాత్రి 11:05

సారు చెప్పింది కాదనను గని, కట్టడాన్ని అంత తేలికగ తీసెయ్యొద్దు. మా తాత, నాయిన ఇద్దరు మేస్త్రీలే. నేను రామప్పకు లెక్కలేనన్ని సార్లు పోయిన.

1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021ల యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాల చేర్చిన్రు. అందరు మదనికలను (స్తంభాల మీది ఆడ బొమ్మలను) చూసి, ఫొటోలు దిగి పోతరు. నువ్వు కట్టేటోనివి గాబట్టి ఒక్కసారి పనోని కండ్లతోటి చూడు. బయట నుంచి వచ్చినవు, ఎండ. ముందు ఎత్తైన నక్షత్రం తీరు అరుగు, దాని మీద నడుస్తుంటే పొద్దున పూట కాలికి సల్లగ తాకుతది. మెట్లెక్కినవు, మండపం, సగం నీడ. ముందుకు పోయినా కొద్ది పైకప్పు, స్తంభాలు దగ్గరికొచ్చినట్టయితది, వెలుతురు తగ్గుతది. అంతరాళం (గర్భగుడి ముందటి చిన్న అర్ర) దాటినవ్, గడప. గర్భగుడిల చీకటి. బయట ఎండల ఉన్న కన్ను చీకటికి అలవాటు పడాలంటే టైము పడ్తది. గా టైముల నువ్వు ఏం చేస్తవు? నిలబడ్తవు. మాట బందు జేస్తవు. దీపం ఒక్కటే కనపడ్తది, కొంచెం సేపటికి దాని వెనుక లింగం కనపడ్తది. ఎవ్వరు నీకు నెమ్మదిగ నడువుమని చెప్పలే. రాయి చెప్పింది.

పెద్ద బరువైన గుడి గద, పైన శిఖరానికి మాత్రం నీళ్ళ మీద తేలే తేలికపాటి ఇటుకలు వాడిన్రు. పునాదిల ఇసుక నింపిన్రు. చూసేటోనికి బరువు కనపడాలె, కట్టడం మీద బరువు పడొద్దు. గింత ఆలోచన చేసి కట్టిన్రు గాబట్టే నిలబడ్డది.

ఇగ నీ డ్రాయింగుకు వస్తే, 15 అడుగుల వెడల్పు గ్రిల్లు పెట్టి లోపల ట్యూబులైట్లు పెడితే తల్లి మొఖం రోడ్డు మీది నుంచి బండి ఆపకుండనే కనపడ్తది. దిగి రావాల్సిన పనే ఉండదు. గదే నాకు భయం.

ఎర్రమట్టి | సోమవారం పొద్దున 7:15

నా మాట చాలామందికి నచ్చది, అయినా నిజాయితీగ చెప్తున్న. రాయిల ఏం లేదు. చీకట్ల ఏం లేదు. చిన్నప్పటి సంది భయం చెప్పి పెంచిన్రు గాబట్టి గొంతు తగ్గుతది. మా నాయిన దేవుణ్ణి మొక్కలేదు, మేము మొక్కం. ఊర్ల బడికి గోడ కూలి ఆరేండ్లయింది, దానికి చందాలు రాలే. గుడికి నెల రోజులల్ల జమైనయి. సున్నపురాయి అన్నా, నీ చదువు ఊరికి అక్కెరకు రావాలంటే ముందు బడి గీయి.

సున్నపురాయి | సోమవారం మధ్యాహ్నం 1:20

తమ్మీ, కోపం లేదు. బడి గోడ మాట కమిటీల తప్పకుండ పెడ్త, అది నిజమైన బాధ. కాని ఒక్కటి అడుగుత. మీ నాయిన మొక్కలేదన్నవు. ఆయన కూసున్న కుర్చీల ఇప్పుడు ఎవరన్న చెప్పులతోటి కాలు పెడితే నువ్వు ఊకుంటవా?

ఎర్రమట్టి | సోమవారం మధ్యాహ్నం 1:48

ఊకోను. మా నాయిన లేడు, పోయి నాలుగేండ్లు. కుర్చీ అట్లనే ఉంది, ఎవ్వరం కూసోం. మా ఊరి చివర అమరుల స్తూపం కాడ కూడ నేను చెప్పులు ఇడిసే నిలబడ్త. సరే అన్నా, నువ్వడిగింది నాకు అర్థమైంది. దేవుడు లేకుండ కూడ అది వస్తది. ఎట్ల వస్తదో నాక్కూడ తెలుసుకోవాలనుంది. చదువుతుంట.

జమిడిక | సోమవారం రాత్రి 8:02

నేను బైండ్లోళ్ళ పిల్లగాన్ని. మా తాత జమిడిక వాయించి పోచమ్మ కథ చెప్పేటోడు, బొడ్రాయి నిలబెట్టే కాడ ఆయనే ముందు. ఇన్ని పోస్టులు చదివిన. అందరు రాయి, చెట్టు, చీకటి అని రాసిన్రు. తాళం గురించి ఎవ్వరు రాయలే.

మా పక్క ఊర్ల జరిగింది చెప్త. అక్కడ కూడ పోచమ్మ చెట్టు కిందనే ఉండె. కుమ్మరోళ్ళు దీపం పెట్టేది, పండుగకు మా వాళ్ళు కథ చెప్పేది, చాకలోళ్ళు దివిటీ పట్టేది. ఎవ్వరైనా ఎప్పుడైనా పోయి తల్లికి చెప్పుకునేది. అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే మా నాయినమ్మ ఉరికి పోయి గద్దె మీద నీళ్ళు పోసి వచ్చేది. తర్వాత మంచి గుడి కట్టిన్రు, గోపురం పెట్టిన్రు. షట్టరు వచ్చింది. షట్టరు వచ్చినంక తాళం వచ్చింది, తాళం వచ్చినంక అది ఎవరింట్ల ఉండాలన్న పంచాయితీ వచ్చింది. మా వాడోళ్ళను రావద్దని ఎవ్వరు నోటితో అనలే. గడప అవతల నిలబడి దండం పెట్టుకొమ్మన్నరు, శుభ్రంగ ఉంచాలె గద అన్నరు. మా తాత ఆ గుడి ముందర ఒక్కసారి కూడ వాయించలే. పోయేదాక పాత చెట్టు ఉన్న దిక్కే చూసి మొక్కిండు. చెట్టు అప్పటికే లేదు.

పద్మాక్షి సారు, మీరు జాగకు ఓటేసిన్రు. జాగ అదే ఉంది. రాయి అదే ఉంది. కాని మాకు అది పోయింది. గందుకే నేను చెప్పేది, పవిత్రత అంటే ఎవ్వలు ఎప్పుడు రావచ్చు అన్నదాంట్ల కూడ ఉంటది. సున్నపురాయి అన్నా, నీ డ్రాయింగుల షట్టరు తీసెయ్యి. మిగతాది మీ ఇష్టం.

పద్మాక్షి_మెట్లు | సోమవారం రాత్రి 9:10

నాయనా, నువ్వు చెప్పింది నా పాఠాల్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది. ఎవరు కట్టించారో శాసనం చూసి చెప్పాను కానీ ఎవరు బయట నిలబడ్డారో అడగలేదు. మీ తాతగారి గురించి రాసినందుకు నీకు నమస్కారం.

గులాబీ_చాదర్ (కాజీపేట) | సోమవారం రాత్రి 10:40

అస్సలాము అలైకుమ్, నమస్తే. తాళం మాట చదివి మా ఊరి పీర్ల కొట్టం యాదికొచ్చింది. చిన్న మట్టి ఇల్లు. ఏడాదంత తలుపేసే ఉంటది, పక్కన మేకలు కట్టేస్తరు, పిల్లలు గోడకు బంతి కొడ్తరు. మొహర్రం నెల పొడుపు కనపడంగనే అలుకు చల్లి, సున్నం ఏసి, ముందర అలాయి గుంత తవ్వుతరు. పీరీలను బయటికి తీసి దట్టీలు కడ్తరు. ఇగ ఆ పది రోజులు అదే ఇంటి ముందర నుంచి ఎవ్వరు చెప్పులతోటి పోరు. ముస్లిముల కంటె హిందువులే ఎక్కువ ఉంటరు మా దగ్గర, కుడుకలు, మలీద పట్టుకొని వస్తరు. పదకొండో నాడు మళ్ళ తలుపేస్తరు, మళ్ళ మేకలు. ఆ మట్టి గోడ మారలే. మనమే పది రోజులకు ఒక మాట అనుకొని కట్టుబడి ఉన్నం.

దర్గా సంగతి ఇంకో తీరు. మా కాజీపేట దర్గాల అఫ్జల్ బియాబానీ సాబ్ ఉన్నరు. నేను పదోతరగతిల ఉన్నప్పటి సంది పోత. ఊదు వాసన, గులాబీలు, తల మీద కొంగు. నెత్తి మీద బట్ట కప్పుకోంగనే చెవులకు బయటి చప్పుడు కొంచెం తగ్గుతది, మీరెవరన్న గమనించిన్రో లేదో.

మసీదుల అయితే చూసేందుకు ఏం ఉండది. బొమ్మ లేదు, దీపం లేదు. పడమటి గోడ, దిక్కు, అంతే. లోపలికి పోయే ముందు చేతులు, మొఖం, కాళ్ళు కడుక్కుంటరు. నా మట్టుకు ఆ నీళ్ళ కాడనే సగం పని అయిపోతది. సున్నపురాయి భాయ్, మీ గుడి ముందర ఒక నల్లా, కాళ్ళు కడుక్కునే బండ పెట్టుండ్రి. షట్టరు కంటె అది చాల తక్కువల అయితది.

సున్నపురాయి | సోమవారం రాత్రి 11:15

అక్కా, నల్లా, బండ రాసుకున్న. చెప్పులు ఇడిసే ఆ మలుపు కాడ పెడ్త, గుడి ముందర కాదు.

తాడ్వాయి_అడవి | మంగళవారం 6:50

మేడారం గురించి ఎవ్వరు రాయకపాయె అని చూస్తున్న. మేం ఆ అడవిలనే పుట్టినం.

రెండేండ్లకోపాలి మాఘ పున్నమికి నాలుగు రోజులు. ఎన్ని లక్షల మంది వస్తరో మీకు తెలుసు, 1996ల రాష్ట్ర పండుగ చేసిన్రు. అంత మంది వచ్చి మొక్కేదానికి విగ్రహం లేదు, గర్భగుడి లేదు. గద్దెలు ఉన్నయి. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణ రూపంల వస్తది. గుట్ట మీదికి కోయ వడ్డెలు (పూజారులు) తప్ప ఎవ్వరు పోరు. దిగి వచ్చేటప్పుడు పోలీసోళ్ళు గాలిల కాల్పులు జరిపి మర్యాద చేస్తరు. తల్లి గద్దెకు వచ్చినప్పుడు జాతర, వనానికి పోంగనే జాతర అయిపోయింది. నిలువెత్తు బంగారం అని బెల్లం తూకం ఏసి పెడ్తరు, బెల్లం కరిగి మట్టిల కలుస్తది.

నేను చెప్పొచ్చేది గుట్ట గురించి. చిలుకలగుట్టకు గోడ ఉన్నా లేకున్నా మేం ఎక్కం. చిన్నప్పుడు కట్టెలకు పోయినా ఆ దిక్కు పోకపోయేది. ఎవ్వరు కాపలా లేరు. మా దగ్గర పవిత్రం అంటే చూసేది కాదు, చూడకుండ వదిలేసేది. ఎక్కడో ఒక చోట మనుషులు 'ఇంతవరకే నేను' అని ఆగాలె. మీ గుడిల కూడ మనిషి ముట్టని జాగ కొంచెం ఉంచుండ్రి. అంతట గ్రానైటు పరిచి తుడిస్తే ఆగేదెక్కడ?

జమిడిక | మంగళవారం 7:30

అన్నా, నీ మాట, నా మాట ఒకదానికొకటి ఎదురు పడ్తున్నయి. నేను అందర్ని రానియ్యుమన్న. నువ్వు ఆపే జాగ ఉండాలన్నవు. ఆలోచిస్తున్న.

తాడ్వాయి_అడవి | మంగళవారం 7:44

ఎదురు పడవు తమ్మీ. మా గుట్ట కింద మంత్రి ఆగాలె, కలెక్టరు ఆగాలె, నేను ఆగాలె. అందర్ని ఒక్కకాడ ఆపితే అది కట్టుబాటు. కొందర్నే ఆపితే నీ పక్క ఊరి షట్టరు.

పట్నం_ముగ్గు (ఐనవోలు దిక్కు) | మంగళవారం 12:10

ఒగ్గు పూజారుల ఇంటోన్ని. మేం ఐనవోలు మల్లన్నకు పట్నాలు ఏస్తం. ఉత్త నేల మీద పసుపు, కుంకుమ, తెల్ల పిండి, ఆకుపచ్చ పొడి పట్టి గంటల తరబడి గీస్తం. గీసేదాక అది వాకిలి. ముగ్గు పూర్తి చేసి మల్లన్న పేరు పెట్టంగనే ఎవ్వరు దాన్ని దాటరు. డోలు మోగుతది, కథ నడుస్తది. అయిపోంగనే ఆ ముగ్గును మేమే తొక్కి చెరిపేస్తం, మళ్ళ వాకిలి. నేను పన్నెండేండ్లకు మా నాయినతోటి కూసొని మొదటి పట్నం ఏసిన. చెరిపేటప్పుడు ఏడుపొచ్చింది. మా నాయిన, 'చెరిపితేనే మళ్ళ ఏస్తవు బిడ్డా' అన్నడు.

పద్మాక్షి సారుకు ఒక మాట. ఖిలా వరంగల్ల మొన్న పోయిన. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు నిలబడ్డయి, నడుమ స్వయంభు గుడి లేదు, 1323ల ఓరుగల్లు పడ్డంక పోయింది. రాళ్ళు వరుసగ పెట్టిన్రు. చాల అందంగ ఉంది. కాని నాకు దండం పెట్టాలనిపియ్యలే. దీపం లేని కాడ, పిలిచేటోడు లేని కాడ జాగ ఒక్కటే ఏం చేస్తది సారు?

పద్మాక్షి_మెట్లు | మంగళవారం 2:25

నాకు అనిపిస్తుంది బాబూ, ఆ తోరణాల నడుమ నిలబడితే. గుడి లేకపోయినా నాలుగు వాకిళ్ళు 'ఇక్కడ ఒకటుండేది' అని చెప్తూనే ఉన్నాయి. కానీ నీ మాట తేలిగ్గా తీసేయలేను. పెద్దపల్లి దిక్కు ధూళికట్ట బౌద్ధ స్తూపం దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళాను ఒకసారి. సాతవాహనుల కాలం నాటిది. బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగు శిల్పం దొరికింది అక్కడే. పొలాల మధ్య ఉంది. పిల్లలు ఆడుకున్నారు, పరుగెత్తారు. ఒక్కరి గొంతూ తగ్గలేదు. నేను పాఠం చెప్పాను, వాళ్ళు విన్నారు, అంతే. అక్కడ నేల వంపు మిగిలిపోతుందన్న నా మాట నిలబడలేదని ఒప్పుకోవాలి.

ఇంకొకటి నన్ను చాలాకాలం తొలిచింది. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడికి ఎదురుగా ఉన్నది. దాన్ని విప్పి, ప్రతి రాయికీ నంబరు వేసి, పక్కన పేర్చి పెట్టారు. పదిహేనేళ్ళకు పైగా ఆ రాళ్ళు అట్లాగే ఉన్నాయి. 2024 శివరాత్రికి మళ్ళీ నిలబెట్టి తెరిచారు. ఆ ఏళ్ళన్నీ నేను గుడికి వెళ్ళినప్పుడల్లా పేర్చిన రాళ్ళ పక్కనుంచి నడిచేవాణ్ణి. ఒక స్తంభం ముక్క మీద ఎవరో ముసలావిడ పసుపు రాసి రెండు పూలు పెట్టి వెళ్ళింది ఒకరోజు. నంబరు మీదనే బొట్టు పెట్టింది. అది మండపం కాదు, గుడి కాదు, వరుసలో ఒక రాయి. ఆమె దాన్ని వదిలిపెట్టలేదు. ఆ గుడిలోని మూడు గర్భగుడుల్లో శివుడికి తప్ప పూజ లేదు కదా, మిగతా రెండు ఖాళీ. అయినా వాటి ముందు తల వంచి పోయేవాళ్ళను చూశాను.

గంట_గోపురం (మెదక్) | మంగళవారం 6:15

సార్ మాట చదివి నేను కూడ రాస్తున్న. మాది మెదక్. మా చర్చి 1914ల మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది, పాస్నెట్ దొరగారు కట్టించిన్రు. గోపురం 175 అడుగులు. కరువు రోజులల్ల జనానికి తిండి దొరకాలని ఈ పని పెట్టిన్రని మా ఇండ్లల్ల చెప్పుకుంటరు. మా నాయినమ్మ వాళ్ళ అమ్మ ఆడ తట్ట మోసిందట. మా ఇంట్ల ఎవ్వరు ఆ చర్చికి పోయినా ముందు గోడ మీద చెయ్యి పెట్టి, తర్వాత లోపలికి పోతరు. ఏ రాయి ఆమె మోసిందో తెల్వదు. ఏ గోడైనా సరే.

లోపల రంగుల అద్దాల కిటికీలు ఉన్నయి, యేసు ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం. పగటి వెలుతురుల్నే బొమ్మ కనపడ్తది. పొద్దు గూకిందంటే నల్లగ అయిపోతది. లైటు ఏసి చూపియ్యలేవు. గచ్చుమేస్త్రి అన్న చీకటి గురించి చెప్పిండు, మా దగ్గర వెలుతురే ఆ పని చేస్తది. ఏదైనా సరే పొద్దును బట్టి మారాలె, స్విచ్చును బట్టి కాదు.

సున్నపురాయి అన్నా, మీ ఊరోళ్ళతోటి పని చేయించు. ఇంటికొకరు ఒక రోజు తట్ట మోసినా సాలు.

కేస్లాపూర్_మర్రి (ఆదిలాబాద్) | మంగళవారం 9:30

రామ్ రామ్. గోండు వాణ్ణి. కొత్త గుడి కట్టిన అనుభవం మాకు ఉంది గాబట్టి చెప్తున్న. మా నాగదేవుడు నాగోబా గుడి మెస్రం వంశపోళ్ళు సొంత పైసలు జమ చేసుకొని రాతితోటి కట్టుకున్నరు. 2022 డిసెంబరుల ప్రారంభమైంది. పెద్ద గుడి అయింది. కట్టేటప్పుడు మా పెద్దలకు కూడ మీ లెక్కనే రంది ఉండె.

మహిమ పోకుండ కాపాడింది నడక. పుష్య అమావాస్య పూజకు గోదావరి హస్తినమడుగు నుంచి నీళ్ళు తేవాలె, కాళ్ళకు చెప్పుల్లేకుండ నడిచే పోవాలె. రోడ్డు ఉంది, బండ్లు ఉన్నయి. ఎవ్వరు బండెక్కరు. తిరిగి వచ్చినంక గుడికి సక్కగ పోరు, మర్రిచెట్ల కింద ఆగుతరు. ఆడబిడ్డలు, అల్లుళ్ళు నీళ్ళు, మట్టి తెచ్చి పుట్టలు చేస్తరు. రాతి గుడి అయినా మట్టి పని మానలే.

మీ ఊర్ల పోచమ్మకు ఏం తెచ్చి పోస్తరు? ఎక్కడ నుంచి తెస్తరు? ఏ బాటన పోతరు? గుడి డ్రాయింగు కంటె ముందు ఆ బాట డ్రాయింగు గీయి.

సున్నపురాయి | మంగళవారం 10:05

అన్నా, ఇది నా తలకు తట్టనే లేదు. చెరువు నుంచి బిందెల నీళ్ళు తెస్తరు, కట్ట మీద మైసమ్మకు మొక్కి, బొడ్రాయి కాడ ఆగి, మలుపు తిరిగి తల్లి కాడికి. కమిటీ వాళ్ళు వెనుక నుంచి సీసీ రోడ్డు వేపిస్తమంటున్నరు, కార్లు వచ్చేటట్టు. ఆ రోడ్డు పడితే ఈ బాట ఎవ్వరు తొక్కరు.

ఎడారిల_జగిత్యాల | మంగళవారం రాత్రి 11:50

దుబాయ్ నుంచి రాస్తున్న. డ్యూటీ దిగి అందరియి చదివిన. మా రూముల ఎనిమిది మందిమి. నా మంచం పైన రేకు పెట్టె మీద కొండగట్టు అంజన్న ఫోటో ఉంది, అంతే జాగ. పక్క మంచం బంగ్లాదేశ్ అన్న. మా రూముల సామాన్లు పెట్టే జాగ లేదు, అయినా ఆ పెట్టె మీద ఎవ్వరు ఏం పెట్టరు. నేను ఒక్కసారి కూడ చెప్పలే. అన్న నమాజు చేసేటప్పుడు మేం లైటు తగ్గించి, ఫోన్ల చప్పుడు బందు చేస్తం. ఆయన కూడ ఎన్నడు అడగలే.

మా ఊరి గుడికి నేను కూడ పైసలు పంపిన. శిలాఫలకం మీద పేరు రాయిస్తమన్నరు. వద్దన్న. ఇంటికి వచ్చినప్పుడు గద్దె అలికేతందుకు మా అమ్మతోటి పోత, అది సాలు.

గచ్చుమేస్త్రి | బుధవారం పొద్దున 6:40

ఇగ పని మాట. సున్నపురాయి తమ్మీ, రాసుకో.

చెట్టు మొదలు చుట్టు మట్టి ఇడిసిపెట్టు, గచ్చు గిట్ట ఏయకు, ఊపిరి ఆడక చస్తది. పెద్ద వేర్లు ఎటు పోయినయో ముందు చేతితోటి తవ్వి చూడు, జేసీబీ పెట్టకు. పిల్లర్ల గుంతలు వేర్లను తప్పించి తీసుకొని, మీది నుంచి ప్లింత్ బీము (పిల్లర్లను కలిపే అడ్డ దూలం) దాటియ్యి, వేరు కింద నుంచి పోతది. చెట్టు కింద స్లాబు అసలు వద్దు. కింద గ్రానైటు పాలిష్‌ది ఏస్తే ఎండకాలం కాళ్ళు కాలుతయి, వానకు జారుతయి. ఇసుక మీద బండలు పరువు, సందులల్ల సిమెంటు పొయ్యకు. వేరు లేస్తే బండ లేస్తది, తీసి మళ్ళ పరుస్తవు. పగులుడు ఉండది.

వాకిలి పెడితే ఐదడుగులకు మించకు. తల వంచే లోపలికి రావాలె.

సున్నపురాయి | పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

అందరికి చెప్పాల్సింది ఉంది. నిన్న చెట్టు కిందనే మీటింగు పెట్టినం. కమిటీ హాల్ల పెడదమన్నరు, నేను చెట్టు కిందికి రమ్మన్న. అందరు మలుపు కాడనే చెప్పులు ఇడిసిన్రు. నేను అది చూపెట్టి అడిగిన, 'ఇక్కడ ఇడవుమని మీకు ఎవ్వరు చెప్పిన్రు?' అని. ఎవ్వరు మాట్లాడలే కొంచెం సేపు.

మా ఊరి ముసలవ్వ ఒకామె లేచి, తల్లి ఎండ, వాన, గాలి తినేది, కప్పు కింద కూసోదు అన్నది. ఆమె మాట మీద చాల సేపు నడిచింది. ఆఖరికి తీర్మానం అయినయి: చెట్టు ఉంటది. రాయి మీద కప్పు రాదు, ముందర బోనాలు పెట్టుకునే మండపానికే స్లాబు. మూడు దిక్కుల గోడ లేదు, షట్టరు లేదు. కుమ్మరోళ్ళే దీపం పెడ్తరు ఎప్పటి లెక్క. నల్లా, కాళ్ళు కడుగుకునే బండ మలుపు కాడ వస్తది. ఇంటికొకరు ఒక రోజు పనికి వస్తమని చేతులెత్తిన్రు, బడి గోడకు కూడ రెండు రోజులు అదే తీరు అని ఒప్పిచ్చిన. ఎర్రమట్టి తమ్మీ, వీలైతే రా.

అన్నీ కాలే. సీసీ రోడ్డు మాట తెగలే, మండల ఆఫీసు దాక పోయింది. గ్రానైటు కావాలని ఇద్దరు పెద్ద దాతలు పట్టుబట్టిన్రు, పేర్లు చెక్కిన బండ తల్లికి ఎదురుంగ నిలబెట్టాలంటున్నరు. నేను బాట మలుపు కాడ పెడ్తనన్న. మొఖం మాడ్చుకున్నరు. ఈ పంచాయితీ ఇంకో నెల నడుస్తది.

గచ్చుమేస్త్రి అన్నా, ఒక్కటి చెప్పు. రాయిని కదిలియ్యకుండ మండపం పునాది తవ్వాలె. రాయి లోపలికి ఎంత లోతు ఉందో ఎవ్వరికి తెల్వదు, తవ్వి చూడనీయరు, నాక్కూడ చూడబుద్ధి కాలే. ఎంత దూరం ఇడవాలె?

గచ్చుమేస్త్రి | ఆదివారం రాత్రి 9:50

ఆరడుగులు ఇడువు. గుంతలు గడ్డపారతోటి కొట్టియ్యకు, పారతోటి మెల్లగ తీపియ్యి. వానలు వెనుకకు పట్టినంకనే మొదలుపెట్టు, తడి మట్టి జారుతది.

జమిడిక | ఆదివారం రాత్రి 10:20

ముగ్గు పోసే రోజు ముందుగ చెప్పు అన్నా. మా తాత జమిడిక మా ఇంట్ల దూలానికి వేలాడుతుంది, తోలు మార్పియ్యాలె, వారం పడ్తది. తీసుకొని వస్త.